ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) ప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త, ఔషధ పరిశోధకుడు. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యవిద్య నేర్చి, అమెరికాలో స్థిరపడి అక్కడే మరణించాడు. కండరాలకు శక్తినిచ్చే రసాయనాల గుర్తింపులోను, ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజిన్, రక్తపు కాన్సరుకు వాడిన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ జాతికి ఆద్యమైన ఆరియోమైసిన్ మొదలైన ఔషధాల ఆవిర్భావంలోను ఈయన పాత్ర ముఖ్యమైనది. ఇన్ని మందులకు కారకుడైన ఈ వైద్యునికి తాను చదివిన చదువు స్వదేశంలో ప్రభుత్వ ఉద్యోగం ఇప్పించలేదు. పరదేశంలో ఆసుపత్రి శిక్షణకు కూడా అర్హత కల్పించలేదు. ఒక ప్రాంతంలో సంపాదించిన వైద్య పట్టా మరొక ప్రాంతంలో చెల్లుబాటు కాకపోవడం ఈయన జీవితాన్ని మలుపు తిప్పిన ప్రధాన కారణాలలో ఒకటి.

బాల్యము, పాఠశాల విద్య

సుబ్బారావు తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి కావడం వలన కుటుంబం ఆర్థికంగా ఇబ్బందులు పడింది. బాల్యం కొంతకాలం రాజమండ్రిలో గడిచింది. చదువు మీద ఆసక్తి కుదరని రోజులలో ఇల్లు విడిచి కాశీకి వెళ్ళి, అక్కడకు వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని బయలుదేరాడు. తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో చేర్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు.

ఈ దశలో రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యాసం స్వీకరించదలచాడు. అందుకు తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి ప్రజలకు సేవ చేయడం కూడా అటువంటి మార్గమేనని భావించి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రుల సహాయంతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయంతోను చదువు సాగింది. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది.

వైద్య కళాశాల - ఖద్దరు దుస్తులు

సుబ్బారావు వైద్య విద్యార్థిగా ఉన్న రోజులలో మహాత్మా గాంధీ పిలుపుతో విదేశీ వస్తు బహిష్కరణ దేశమంతటా వ్యాపించింది. ఆ పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు దుస్తులు ధరించసాగాడు. ఇది శస్త్రచికిత్స శాఖ ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు ఆగ్రహం కలిగించింది. వ్రాత పరీక్షలలో సుబ్బారావు చక్కగా రాణించినప్పటికీ, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఈ రెండు పట్టాల మధ్య గల తేడా సుబ్బారావు జీవితాన్ని అర్థం చేసుకొనడానికి అవసరం. ఎల్.ఎం.ఎస్. అంటే లైసెన్షియేట్ ఇన్ మెడిసిన్ అండ్ సర్జరీ. పేరులోనే ఉన్నట్లు అది వైద్యం చేయడానికి ఇచ్చే అనుమతి. 1914లో వచ్చిన మద్రాసు వైద్య నమోదు చట్టంతో రాజధానిలో వైద్యుల పేర్లు నమోదు చేసే పద్ధతి ఏర్పడింది. ఎల్.ఎం.ఎస్. కలవారు స్వంతంగా వైద్యం చేసుకొనవచ్చును. ఉన్నత ఉద్యోగాలకు, పై చదువులకు, విదేశీ సంస్థలలో ప్రవేశానికి మాత్రం ఎం.బి.బి.ఎస్. పట్టాకు ఉన్న విలువ దీనికి లేదు. సుబ్బారావు మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశించడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు.

ఆయుర్వేద కళాశాలలో ఉద్యోగం

ప్రభుత్వ సర్వీసు దక్కకపోవడంతో సుబ్బారావు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకుడుగా చేరాడు. అక్కడి గ్రంథాలు, మూలికలు ఆయనలో పరిశోధనాసక్తిని రేకెత్తించాయి. అంతకు మునుపే ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి బలి అయ్యారు. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతి చేసిన వైద్యంతో కోలుకున్నాడని చెబుతారు. ఆ రోజులలో పాశ్చాత్య వైద్యంలో ఈ వ్యాధికి సరియైన మందు లేదు. అమెరికాకు చెందిన ఒక వైద్యుని ప్రోత్సాహంతో ఉష్ణమండల వ్యాధుల గురించి విదేశంలో చదవాలనే సంకల్పం బలపడింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయంతో ప్రయాణం సాధ్యమైంది.

అమెరికాలో తొలి రోజులు

సుబ్బారావు 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరాడు. అక్కడి ఆచార్యుడు రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనకు అండగా నిలిచాడు.

చదువుకు చోటు దొరికినా జీవనానికి దారి దొరకలేదు. అమెరికాలో వైద్య వృత్తికి అనుమతి ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది కాదు, ఆయా రాష్ట్రాలది. రాష్ట్రాలకు గల ఈ అధికారాన్ని ఆ దేశపు సుప్రీం కోర్టు 1889లోనే సమర్థించింది. బోస్టన్ నగరం గల మసాచుసెట్స్ రాష్ట్రంలో 1894 నుండి వైద్యుల నమోదుకు ప్రత్యేక మండలి ఉన్నది. పరదేశపు వైద్యునికి ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ అనబడే శిక్షణ దొరికితేనే వృత్తిలో తొలి మెట్టు దొరికినట్లు. సుబ్బారావు వద్ద గల మద్రాసు ఎల్.ఎం.ఎస్. పట్టా ఇంటర్న్‌షిప్‌కు గాని, ఉపకార వేతనానికి గాని చాలలేదు.

అందుచేత ఆయన బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనిచేసే పోర్టరుగా కుదిరాడు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపాత్రలు శుభ్రం చేయడం ఆయన విధులు. పగలు హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల పాఠాలు వినే వైద్యుడు, రాత్రి ఆసుపత్రి వార్డులలో ఈ పనులు చేసి పొట్టపోసుకొన్నాడు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత హార్వర్డు వైద్య విద్యాలయంలోని జీవరసాయన శాఖలో చేరాడు. అమెరికాలో ఆయన వృత్తి జీవితం రోగి పడక ప్రక్కన కాక ప్రయోగశాలలోనే గడిచింది.

హార్వర్డులో పరిశోధనలు

జీవరసాయన శాఖలో సుబ్బారావు సైరస్ ఫిస్కే వద్ద పరిశోధన ప్రారంభించాడు. 1925లో వీరిద్దరూ రక్తము, మూత్రము మొదలైన వాటిలో ఫాస్ఫరస్ పాలును కొలిచే సులభమైన పద్ధతిని ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవంలోని ఫాస్ఫేటును మాలిబ్డిక్ ఆమ్లంతో కలిపి, క్షయకరణ చేసే మరొక రసాయనం చేర్చినప్పుడు నీలి రంగు ఏర్పడుతుంది. రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పేరు పొందిన ఈ విధానాన్ని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకొన్నారు.

ఈ పద్ధతి సహాయంతోనే 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నట్లు వీరు గుర్తించారు. ఇంగ్లండులో ఎగ్లటన్ దంపతులు కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఈ పదార్థాన్ని గమనించారు. అంతకు పూర్వం కండరాలు కదలడానికి కావలసిన శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం వలన లభిస్తుందని భావించేవారు. కండరాలపై పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు లభించింది. కొత్త ఆవిష్కరణతో ఆ భావనను సవరించుకొనవలసి వచ్చింది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు ఎ.టి.పి. అనబడే అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరం దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు. సమస్త జీవకణాలలోను శక్తి మారకానికి ఈ పదార్థమే ఆధారమని తరువాత తేలింది. సుబ్బారావుకు 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్.డి. లభించింది.

1926లో మైనట్, మర్ఫీ అనే బోస్టన్ వైద్యులు పశువుల కాలేయం తినిపించడం ద్వారా ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతను తగ్గించవచ్చునని చూపారు. కాలేయంలో ఉన్న ఆ గుణకారి పదార్థమేమిటో వేరుచేయడం 1930వ దశకంలో పలువురు శాస్త్రజ్ఞుల లక్ష్యమైంది. సుబ్బారావు కూడా ఈ అన్వేషణలో పాల్గొన్నాడు. ఈ పనే ఆయనను ఔషధ పరిశ్రమ వైపు నడిపించింది.

లెడర్లీ ప్రయోగశాలలో

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇది అమెరికన్ సైనమిడ్ సంస్థకు చెందినది. కొద్ది కాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఇక్కడ వెలువడిన ఔషధాలు ఆయన ఒక్కడే స్వహస్తాలతో తయారు చేసినవి కావు. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు, వైద్యులు కలిసి పనిచేసిన బృందాలను ఏర్పరచి, ఏ దిశలో వెదకాలో నిర్ణయించి, ఫలితాన్ని ఆసుపత్రుల వరకు చేర్చడం ఆయన నిర్వహించిన పాత్ర. ముఖ్యమైన ఔషధాలు ఇవి:

ఫోలిక్ ఆమ్లము: గర్భిణీ స్త్రీలలో కలిగే ఒక విధమైన రక్తహీనత ఈస్టుతో తయారైన ఆహారం వలన తగ్గుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో చేసిన అధ్యయనాల ఆధారంగా 1931లో ప్రకటించింది. అందులోని పదార్థానికి సంబంధించిన అన్వేషణ పలు చోట్ల సాగింది. 1941లో పాలకూర ఆకుల నుండి లభించిన పదార్థానికి ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చింది. లెడర్లీ బృందం 1945లో దీనిని కృత్రిమంగా తయారు చేసింది. సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిగ్రస్తులు ఈ మందుతో కోలుకున్నారు.

అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్: ఫోలిక్ ఆమ్లం కణవిభజనకు అవసరం. దాని రూపాన్ని పోలి, దాని పనిని అడ్డుకొనే రసాయనాలను లెడర్లీ శాస్త్రజ్ఞులు తయారు చేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. మందులతో కాన్సరుకు చికిత్స చేయవచ్చుననడానికి తొలి నిదర్శనాలలో ఇది ఒకటి. ఆ పిల్లల ఆసుపత్రి, సుబ్బారావు పోర్టరుగా పనిచేసిన ఆసుపత్రి రెండూ హార్వర్డు వైద్య విద్యాలయం చెంతనే ఉన్నాయి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ కాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

డైఇథైల్ కార్బమజిన్: హెట్రజాన్ అనే పేరుతో 1947లో వెలువడిన ఈ మందు బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా క్రిములను నశింపజేస్తుంది. గోదావరి జిల్లాలలో బోదకాలు తరతరాలుగా పీడిస్తున్న వ్యాధి. భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. 2004 నుండి వ్యాధి ప్రబలిన జిల్లాలలో ఏడాదికొకమారు ప్రజలందరికీ పంచిన మాత్రలలో ముఖ్యమైనది ఇదే.

ఆరియోమైసిన్: వయోవృద్ధుడైన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ లెడర్లీలో పనిచేస్తూ, మిస్సోరీ మట్టి నుండి లభించిన సూక్ష్మజీవి ద్వారా ఈ మందును కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతిలో ఇది మొదటిది. అనేక రకాల సూక్ష్మజీవులపై పనిచేసే ఈ మందును 1948లో వైద్యలోకానికి ప్రకటించారు. 1994లో సూరత్ నగరంలో ప్లేగు వచ్చినప్పుడు విస్తారంగా వాడినది ఈ జాతికి చెందిన టెట్రాసైక్లిన్‌నే.

పౌరసత్వము

వృత్తి అనుమతి వలెనే పౌరసత్వం విషయంలో కూడా ఆ కాలపు చట్టాలు సుబ్బారావుకు అడ్డు నిలిచాయి. ఆయన బోస్టన్ చేరిన కొద్ది నెలలకే, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సుప్రీం కోర్టు భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో భారతీయులు ఆ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు ఇచ్చింది. ఈ స్థితి 23 సంవత్సరాలు కొనసాగింది. 1946 జూలైలో అమలులోకి వచ్చిన చట్టంతో భారతీయులకు పౌరసత్వం పొందే అవకాశం కలిగింది. అప్పటికి సుబ్బారావు ఆ దేశపు ప్రముఖ ఔషధ పరిశోధన సంస్థలలో ఒకదానికి సారథి. పౌరసత్వం తీసుకొనకుండానే ఆయన జీవితం ముగిసింది.

వ్యక్తిగత జీవితం, మరణం

సుబ్బారావు అమెరికా వెళ్ళిన తరువాత స్వదేశానికి మరలి రాలేదు. ఆయన వెళ్ళిన పిమ్మట పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి బిడ్డను చూడలేదు. శేషగిరి భర్త రాక కోసం సుదీర్ఘకాలం ఎదురు చూసింది. మూడు సంవత్సరాలలో తిరిగి వద్దామనుకొన్న ప్రయాణం పాతికేళ్ళకు పైబడిన ప్రవాసంగా పరిణమించింది. ఆయన సాధించిన ఘనతను చెప్పుకొనేటప్పుడు ఆ కుటుంబం చెల్లించిన మూల్యం కూడా గుర్తుంచుకొనదగినది.

1948 ఆగస్టులో, 53 సంవత్సరాల వయసులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికి ఆరియోమైసిన్ ప్రకటన జరిగి కొద్ది వారాలే అయింది. ఫార్బర్ ఫలితాలు వెలువడి రెండు నెలలయింది.

వృత్తి అనుమతి - నాడు, నేడు

సుబ్బారావుకు ఎదురైన చిక్కు పరాయి ప్రాంతానికి పనికై వెళ్ళే వైద్యులకు, నర్సులకు ఈనాటికీ ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉన్నది. కాకపోతే తన అర్హత నిరూపించుకొనడానికి ఆయన కాలంలో లేని మార్గాలు తరువాత ఏర్పడ్డాయి. విదేశాలలో వైద్యం చదివినవారి అర్హతలను పరిశీలించే ప్రత్యేక సంస్థ అమెరికాలో 1956లో, అనగా సుబ్బారావు మరణించిన ఎనిమిది సంవత్సరాల తరువాత, ఏర్పడింది. విదేశీ నర్సుల కొరకు అటువంటి సంస్థ 1977లో వచ్చింది.

నర్సుల నమోదు కూడా అమెరికాలో రాష్ట్రాల వారీగానే మొదలైంది. ఉత్తర కరోలినా రాష్ట్రం 1903లో ఇందుకు తొలి చట్టం చేసింది. నేడు విదేశంలో చదివిన నర్సు తన చదువు వివరాల పరిశీలన, ఆంగ్ల భాషా పరీక్ష పూర్తిచేసి, ఎన్‌క్లెక్స్ అనే పరీక్షలో ఉత్తీర్ణత పొంది ఒక రాష్ట్రంలో లైసెన్సు తీసుకొనాలి. వేరొక రాష్ట్రానికి తాత్కాలిక పనికి వెళ్ళదలిస్తే పరీక్ష మళ్ళీ వ్రాయనవసరం లేదు. ఉన్న లైసెన్సు ధ్రువీకరణ, వేలిముద్రలతో నేరచరిత్ర పరిశీలన, రుసుము సమర్పించి కొత్త రాష్ట్రంలో ఆమోదం పొందాలి. 2000 సంవత్సరంలో అమలులోకి వచ్చిన రాష్ట్రాల ఒడంబడిక వలన, అందులోని ఒక రాష్ట్రంలో స్థిరనివాసం ఉండి బహుళరాష్ట్ర లైసెన్సు పొందిన నర్సు మిగిలిన సభ్య రాష్ట్రాలలో కూడా పనిచేయవచ్చును. అన్ని రాష్ట్రాలూ ఇందులో చేరలేదు.

భారతదేశంలో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. దేశమంతటికీ విద్యా ప్రమాణాలను నిర్ణయించే భారత నర్సింగ్ మండలి 1947 చట్టంతో ఏర్పడింది. నమోదు మాత్రం రాష్ట్ర మండలుల చేతిలో ఉంటూ వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత తెలుగువారికి రెండు మండలులయ్యాయి. వరంగల్లు సమీపంలోని మడికొండ వంటి ఊరి నుండి నర్సింగ్ చదివి తెలంగాణలో నమోదైన అమ్మాయి మహారాష్ట్రలో ఉద్యోగానికి వెళ్ళితే, సొంత మండలి నుండి నిరభ్యంతర పత్రం తీసుకొని అక్కడి మండలిలో పేరు నమోదు చేయించుకొనాలి. సుబ్బారావుకు తన విద్య ఎంతటిదో చూపుకొనే అవకాశమే దొరకలేదు. నేటివారికి ఆ అవకాశం ఉన్నది, దానికి సమయము, ధనము, ఓర్పు కావాలి.

గుర్తింపు

సుబ్బారావు జీవించి ఉండగా సామాన్య ప్రజలలో ఆయన పేరు అంతగా ప్రచారం పొందలేదు. ఆవిష్కరణలను ప్రకటించే సందర్భాలలో ఆయన వెనుకనే ఉండి, సహచరులను ముందు నిలిపేవాడు. 1953లో కనుగొన్న ఒక శిలీంద్రానికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఫోలిక్ ఆమ్లం మాత్ర ప్రతి గర్భిణీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందే సాధారణ ఔషధంగా మారింది. ఒక పట్టా చెల్లుబాటు కానందున రోగి పడక దగ్గరకు వైద్యునిగా వెళ్ళలేకపోయిన సుబ్బారావు, తన మందుల ద్వారా లక్షలాది రోగుల వద్దకు చేరగలిగాడు.